కేబిన్లు కూలకముందే: ఎవరిని అడగాలి, ఎంత అడగాలి?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. పూల పరాగ సంపర్కం మీద పీహెచ్‌డీ చేయడానికి అమెరికా వచ్చాను. ఇప్పుడు పశ్చిమ రాష్ట్రాల్లో ఒక విశ్వవిద్యాలయానికి చెందిన ఫీల్డ్ స్టేషన్‌లో (ఆరుబయట పరిశోధనకు వచ్చినవాళ్లు ఉండి పనిచేసుకునే కేంద్రం) అసిస్టెంట్ డైరెక్టరుగా పనిచేస్తున్నాను. కొండల మధ్య పచ్చిక బయలు, ఒక ఏరు, 18 చెక్క కేబిన్లు. అన్నీ 1930లలో, 40లలో కట్టినవి. 7వ నంబరు కేబిన్‌లో కిటికీ పక్కన కాలు పెడితే నేల చెక్క దిగిపోతుంది. పరుపుల మీద ఎలుక పెంటికలు. నిరుడు ఒక విద్యార్థిని రెండు రాత్రులు ఓర్చుకుని, మూడో రాత్రి నుంచి కారులో పడుకుంది. కొత్త ప్రయోగశాలకు డబ్బిచ్చిన విశ్వవిద్యాలయం, నివాసాల ఖర్చు మాత్రం మీరే తెచ్చుకోండి అంటోంది. విరాళాలు సేకరించే పని డీన్ నాకు అప్పగించారు. ఎవరినైనా డబ్బు అడగాలంటే నాకు నోరు రాదు. పాత ప్రొఫెసర్లు కేబిన్లను ముట్టుకోవద్దంటున్నారు. మరమ్మతు చేయించాలా, కొత్తవి కట్టించాలా? ఎవరిని అడగాలి? ఎలా అడగాలి? ఇక్కడి తెలుగు సంఘాల దగ్గరికి వెళ్లవచ్చా?
— పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు:

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు, పదిమంది డబ్బుతో ఇల్లు కట్టి చూడు అని కూడా అని ఉండాల్సింది. మీ ఉత్తరంలో చాలా ప్రశ్నలున్నాయి. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన ప్రశ్న మాత్రం అందులో లేదు. ఇన్నేళ్లలో ఆ కేబిన్లలో ఎవరెవరు ఉన్నారు? ఆ జాబితా మీ దగ్గర ఉంటే సగం పని అయినట్టే. లేకపోతే డబ్బు మాట ఎత్తకుండా ఈ చలికాలమంతా దాని మీదే కూర్చోండి.

ఎందుకంటే ఇలాంటి చోటికి డబ్బిచ్చేది అక్కడ ఒక వేసవి గడిపినవాళ్లే. తర్వాత వాళ్ల భర్తలు, భార్యలు, పిల్లలు. ఇరవై ఏళ్ల వయసులో పక్క మంచం వాడి గురక వింటూ పడుకుని, తెల్లవారకముందే లేచి పక్షుల కోసం వలలు కట్టిన కుర్రవాడు ఆ తర్వాత డాక్టరైనా, వకీలైనా, బీమా కంపెనీలో చేరినా ఆ వేసవిని మరచిపోడు. విశ్వవిద్యాలయం వారి పూర్వ విద్యార్థుల జాబితాలో అతని పేరు పక్కన డిగ్రీ, సంవత్సరం ఉంటాయి. మీ దగ్గర గడిపిన వేసవి సంగతి ఉండదు. వేరే విశ్వవిద్యాలయం నుంచి మీ వేసవి కోర్సుకు వచ్చినవాళ్లయితే ఆ జాబితాలోనే ఉండరు. వాళ్లను మీరే వెతికి పట్టుకోవాలి. పాత అద్దె రసీదులు, భోజనశాల ఖాతాలు, వేసవి బృందాల ఫోటోలు, థీసిస్‌ల మొదటి పేజీల్లో కృతజ్ఞతలు, కేబిన్ దూలాల మీద చాకుతో చెక్కిన పేర్లు, అన్నీ చూడండి. దూలాల మీది పేర్లు ఒక్కటీ వదలకుండా ఫోటో తీయించండి. ఆ పని కోసం ఒక విద్యార్థికి జీతమిచ్చి పెట్టుకున్నా దుబారా కాదు.

ఇక మరమ్మతా, కొత్తదా అన్నది. దీనికి ఉత్తరంలో జవాబు చెప్పేవాడిని నమ్మకండి, నాతో సహా. ఒక స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిచి, 18 కేబిన్ల కిందికీ దూరి చూడమనండి. ఆ కాలపు కేబిన్లు చాలావాటికి సరైన పునాది ఉండదు. రాళ్ల మీదో, కర్ర మొద్దుల మీదో నిలబెట్టి ఉంటారు. నేలకు ఆనిన దిమ్మ పుచ్చితే గోడలు ఎంత గట్టిగా ఉన్నా ప్రయోజనం లేదు. మీ 7వ నంబరులో దిగుతున్నది బహుశా ఒక్క నేల చెక్క కాదు, దాని కింది దిమ్మ కూడా అయి ఉంటుంది. 1978కి ముందు వేసిన రంగుల్లో సీసం ఉండవచ్చు. ఆ ఏడాదే అమెరికాలో ఇళ్లకు సీసపు రంగులు వాడడాన్ని నిషేధించారు. కనుక గోడలు గీకించే ముందు పరీక్ష చేయించాలి, ఆస్బెస్టాస్‌కు కూడా. ఇంజనీరు నివేదిక చేతికొచ్చాక కొన్ని నిలబెట్టదగ్గవని, కొన్ని విప్పి మళ్లీ కట్టాలని, కొన్ని తీసేయాలని తేలుతుంది. అన్నీ ఒకే రకం అని తేలడం అరుదు.

కూల్చడం అన్న మాట బయట పెట్టకముందే మీ రాష్ట్ర చారిత్రక పరిరక్షణ కార్యాలయంతో మాట్లాడండి. 50 ఏళ్లు దాటిన కట్టడాన్ని జాతీయ చారిత్రక స్థలాల జాబితాకు పరిశీలించే అవకాశం ఉంటుంది. పనిలో ఫెడరల్ ప్రభుత్వపు డబ్బు గానీ అనుమతి గానీ కలిస్తే 1966 నాటి పరిరక్షణ చట్టంలో 106వ సెక్షన్ కింద సమీక్ష తప్పదు. స్టేషన్ ఫెడరల్ అటవీ శాఖ నేల మీద ఉంటే ఆ అనుమతి కూడా ఇందులోకే వస్తుంది. సమీక్ష అంటే వద్దనడం కాదు, ముందుగా అడగడం. రెండేళ్లు విరాళాలు పోగు చేశాక ఈ సంగతి తెలిస్తే దాతల ముందు తల ఎత్తుకోలేరు.

ఖర్చు లెక్కలో ఫీల్డ్ స్టేషన్లవాళ్లు ఎక్కువగా దెబ్బ తినేది మూడు చోట్ల. ఒకటి కాలం. కొండ మీద కట్టుబడి సాగేది మంచు కరిగి మళ్లీ పడేలోగా. పరిశోధకులు వచ్చేది కూడా సరిగ్గా ఆ నెలల్లోనే. అన్ని కేబిన్లనూ ఒకేసారి విప్పితే ఒక వేసవి పరిశోధనా పోతుంది, అద్దే పోతుంది. అందుకే ఏటా రెండు మూడు కేబిన్ల చొప్పున, ఆగస్టు చివర విద్యార్థులు వెళ్లగానే మొదలుపెట్టి మంచు పడేలోగా పైకప్పు వేయించాలి. గోడలు ఊళ్లోనే తయారు చేయించి లారీలో తెచ్చి నిలబెడితే ఇంకా మంచిది. మీ కొండ దారిలో ఆ లారీ తిరగగలదో లేదో ముందు చూసుకోండి. రెండోది మరుగుదొడ్లు. కొత్త కేబిన్ అనగానే అందరికీ లోపలే స్నానాల గది కావాలనిపిస్తుంది. ప్రతి కేబిన్‌కు నీటి గొట్టం వేస్తే సెప్టిక్ ట్యాంకు, దాని ఇంకుడు క్షేత్రం పెంచాలి, అనుమతి మార్చుకోవాలి, చలికాలంలో గొట్టాలు పగలకుండా నీరంతా తీసేయాలి. నా మాట విని కేబిన్లలో నీళ్లు పెట్టకండి. మంచం, బల్ల, దీపం, మంచి తలుపు చాలు. నడిమధ్య ఒక ఉమ్మడి స్నానశాల బాగా కట్టండి. దాన్నీ, కనీసం రెండు కేబిన్లనూ చక్రాల కుర్చీ వెళ్లేలా కట్టించండి. కొత్త కట్టడాలకు వికలాంగుల హక్కుల చట్టం ఎలాగూ వర్తిస్తుంది. అదీగాక ఇన్నాళ్లూ మెట్లు ఎక్కలేక మీ దగ్గరికి రాలేకపోయిన విద్యార్థులు ఎవరో మనకు తెలియదు.

మూడోది మంటలు. 2020 ఆగస్టులో కాలిఫోర్నియాలోని కాల్ పాలీ విశ్వవిద్యాలయపు స్వాంటన్ పసిఫిక్ రాంచ్‌లో కట్టడాలు చాలావరకు కార్చిచ్చుకు ఆహుతయ్యాయి. 2023లో ఆరెగాన్‌లోని హెచ్.జె. ఆండ్రూస్ పరిశోధన అడవిలో చాలా భాగాన్ని లుకౌట్ మంటలు చుట్టేశాయి. కార్చిచ్చులో ఇళ్లు ఎక్కువగా అంటుకునేది ఎదురుగా వచ్చే జ్వాలతో కాదు, గాలికి ముందే ఎగిరివచ్చే నిప్పురవ్వలతో. అవి చూరు కింది గాలి రంధ్రాల్లోంచి అటకలోకి దూరతాయి. రేకు పైకప్పు, గాలి రంధ్రాలకు సన్నని లోహపు జాలీ, గోడ చుట్టూ ఐదు అడుగుల మేర కాలే వస్తువేదీ లేకుండా కంకర. ఇవి మొదటి నుంచే ప్లానులో ఉండాలి. బీమా కంపెనీ అడిగే మొదటి ప్రశ్నలూ ఇవే.

ఇప్పుడు అంకెలు. మీ ధరలు మీ కాంట్రాక్టరు చెప్పాలి. లెక్క ఎలా వేయాలో చూపడానికి ఒక కేబిన్‌కు అన్ని ఖర్చులూ కలిపి 2 లక్షల డాలర్లు అనుకుందాం. ఇక్కడే దాదాపు అందరూ ఆగిపోతారు. కట్టిన మరునాటి నుంచి ఆ కేబిన్‌కు ఏటా ఖర్చుంటుంది. అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 1990లోనే ఒక లెక్క చెప్పింది: ప్రభుత్వ భవనాలకు ఏటా వాటిని మళ్లీ కట్టే ఖర్చులో 2 నుంచి 4 శాతం నిర్వహణకు పెట్టాలని. మన కేబిన్‌కు అది ఏటా 4,000 నుంచి 8,000 డాలర్లు. మీ పాత కేబిన్లు ఇలా కావడానికి కారణం వయసు ఒక్కటే కాదు, ఏ ఏడూ ఎవరూ ఈ డబ్బు పక్కన పెట్టకపోవడం.

ఆ 4,000 ఎక్కడి నుంచి తేవాలి? మూలనిధి (అసలు కదపకుండా రాబడి మాత్రమే వాడే నిధి) పెడితే విశ్వవిద్యాలయాలు సాధారణంగా ఏటా అందులో సుమారు 4 శాతం ఖర్చుకు ఇస్తాయి. అంటే ఒక్కో కేబిన్‌కు లక్ష డాలర్ల మూలనిధి కావాలి, కట్టుబడి ఖర్చులో సగం! అది వినగానే దాత లేచి వెళ్లిపోతాడు. ఇంకో దారి కూడా లెక్క కట్టండి. నాలుగు మంచాలు, 90 రాత్రులు, మొత్తం 360 పడక-రాత్రులు. పడకకు రాత్రికి 10 డాలర్లు అద్దె పెంచితే 3,600. మంచి కేబిన్‌కు పరిశోధకుల గ్రాంట్ల నుంచి ఆ 10 డాలర్లు రావడం కష్టం కాదు. సొంత డబ్బుతో వచ్చే విద్యార్థికి మాత్రం కష్టమే. కనుక నిర్వహణ అద్దె పెంపులోంచి, ఆ పెంపు భరించలేని విద్యార్థులకు సాయం ఒక చిన్న మూలనిధిలోంచి. దాతకు ఈ రెండో మాట ఇష్టంగానే వినిపిస్తుంది.

కనుక 18 కేబిన్ల కల పక్కన పెట్టి, మొదటి విడత 6 కేబిన్లు, ఒక స్నానశాల అనండి. కేబిన్లకు 12 లక్షలు, స్నానశాలకు 3 లక్షలు, మూలనిధికి 3 లక్షలు, మొత్తం 18 లక్షల డాలర్లు. దీన్ని వేలమంది దగ్గర తలా కొంచెం పోగు చేద్దామనుకుంటే కుదరదు. ఇలాంటి సేకరణలు ఎప్పుడూ పైనుంచి నిండుతాయి. ఒకరు 4 లక్షలు, ముగ్గురు లక్షన్నర చొప్పున, ఎనిమిది మంది 50,000 చొప్పున, పాతికమంది 10,000 చొప్పున ఇస్తే 37 మందితో 15 లక్షలు. మిగిలిన 3 లక్షలు చిన్న విరాళాలు. అడిగిన ప్రతివారూ ఇవ్వరు, ఒక్కో విరాళానికి ముగ్గురు నలుగురు తగిన పేర్లుండాలి. అంటే 120, 130 మంది. నేను జాబితా, జాబితా అని మొత్తుకునేది ఇందుకే. పెద్ద మొత్తాలు సగానికి పైగా చేతికొచ్చేదాకా బహిరంగ ప్రకటన చేయకండి. 18 లక్షల లక్ష్యం కింద 11,000 అని చూపే ప్రకటన చూసి ఎవరూ పెద్ద చెక్కు రాయరు.

ఎవరినీ అడగకముందు డీన్ నుంచి, విశ్వవిద్యాలయపు విరాళాల విభాగం నుంచి కొన్ని మాటలు కాగితం మీద తీసుకోండి. ఈ పనికే ప్రత్యేకమైన ఖాతా నంబరు కావాలి. ఆ ఖాతాలోని డబ్బు సంవత్సరాంతంలో మరో దానికి మళ్లదని హామీ కావాలి. విరాళంలోంచి విశ్వవిద్యాలయం తరఫున డబ్బు తీసుకునే ఫౌండేషన్ నిర్వహణ రుసుము ఎంత శాతం పట్టుకుంటుందో తెలియాలి. కట్టాక బీమా ఎవరిదో, పైకప్పు కారితే ఎవరికి ఫోను చేయాలో రాసి ఉండాలి. వీలైతే, మీరు ఒక డాలరు తెస్తే విశ్వవిద్యాలయం అర డాలరు కలిపేలా ఒప్పించండి. మీరే తెచ్చుకోండి అన్నవాళ్లు దీనికి చటుక్కున ఒప్పుకోరు. అయినా అడగాలి. మొదటి 4 లక్షల దాత మిమ్మల్ని అడగబోయే ప్రశ్న 'మరి విశ్వవిద్యాలయం ఎంత పెడుతోంది?' అన్నదే. ఇంకొక చికాకు కూడా ఉంది. మీ జాబితాలోని ధనవంతుణ్ణి అప్పటికే ఫుట్‌బాల్ స్టేడియం కోసం ఎవరో కనిపెట్టుకుని ఉంటారు. విరాళాల విభాగానికి చెప్పకుండా అడిగితే గొడవ అవుతుంది. చెబితే ఆయన్ను మీకు వదలకపోవచ్చు. చెప్పే అడగండి. ఆయన స్వయంగా మీ స్టేషన్ గురించి వాకబు చేస్తే అప్పుడు ఎవరూ అడ్డుపడలేరు. కాబట్టి ఆయనను వేసవిలో ఒక పూట భోజనానికి పిలవండి.

నోరు రాదన్నారు. అడగనిదే అమ్మయినా పెట్టదని చిన్నప్పుడు మీరూ విన్నదే. అయినా మనకు చేయి చాచడం అనగానే తల దించుకోవడం అలవాటు. ఇక్కడ మీకోసం అడగడం లేదు. రాబోయే వేసవిలో ఎవరు పడుకుంటారో మీకే తెలియని మంచాల కోసం అడుగుతున్నారు. మొదటిసారి కలిసినప్పుడు డబ్బు మాట వద్దు. ఫోటో చూపించి, ఇందులో మీరెక్కడ, పక్కనున్నదెవరు, ఆ ఏడాది ఏం చేశారు అని అడగండి. వాళ్లు చెప్పింది రాసుకోండి. రెండోసారి ప్లాను తీసుకెళ్లి సలహా అడగండి. మూడోసారి సూటిగా: 'ఈ విడతలో ఒక కేబిన్‌కు 50,000 డాలర్లు, మూడేళ్లలో ఇచ్చేలా, మీరు ఆలోచిస్తారా?' అంకె చెప్పాక నోరు కట్టుకోండి. ఆ అర నిమిషం మౌనం భరించలేక మనవాళ్లు 'ఎంతైనా ఫరవాలేదండీ' అనేస్తారు. అప్పుడు వచ్చేది 100 డాలర్ల చెక్కు.

దెబ్బతిన్న నేల ఫోటోలు, ఎలుకల కథలతో మొదలుపెట్టకండి. శిథిలం చూపితే జాలి పుడుతుంది, జాలికి చిన్న నోటు చాలనిపిస్తుంది. పైగా ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారన్న సందేహమూ వస్తుంది. ఆ మంచాల వల్ల ఏమి జరిగిందో చెప్పండి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు ఫ్రైడే హార్బర్ ప్రయోగశాలలకు 1961 వేసవిలో ఒసాము షిమొమురా అనే యువ శాస్త్రవేత్త ప్రిన్స్‌టన్ నుంచి వెళ్లాడు. ఆ ఒక్క వేసవిలో సుమారు 10,000 జెల్లీఫిష్‌లను వలలతో పట్టి, అవి వెలిగేది దేనివల్లో తేల్చడానికి కూర్చున్నాడు. తర్వాతి వేసవుల్లో భార్యాపిల్లలూ వలలు పట్టారు. ఆ జెల్లీఫిష్‌ల నుంచి వేరు చేసిన ఆకుపచ్చ ప్రొటీన్ నేడు జీవకణాల లోపలి సంగతులు చూడడానికి ప్రపంచమంతా వాడుతున్నది. 2008లో ఆయనకు దానికే నోబెల్ వచ్చింది. 1961లో ఏ దాత కాగితం మీదా ఈ ఫలితం రాసి ఉండదు. ఇంకో రకం కథ కొలరాడోలోది. వెండి గనులవాళ్లు వదిలేసిపోయిన గోథిక్ అనే ఊళ్లో 1928లో రాకీ మౌంటెన్ బయొలాజికల్ లాబొరేటరీ మొదలైంది. అక్కడ 1962లో ఆరంభమైన మార్మాట్ల (బొరియల్లో ఉండే పెద్ద ఉడుత జాతి జంతువులు) అధ్యయనం ఇప్పటికీ సాగుతోంది. తరం మారినా ఏటా ఎవరో ఒకరు అక్కడికి వెళ్లి ఉంటేనే అలాంటి లెక్క తెగకుండా నడుస్తుంది. మీ దగ్గర కూడా ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది, నోబెల్ లేకపోయినా సరే. మీ పచ్చిక బయల్లో ఏ పువ్వు ఏ తేదీన పూసిందో ఎన్నేళ్ల లెక్క ఉందో చూడండి. ఆ తేదీలు రాసిన నోటు పుస్తకంలో ఒక పేజీ తీసుకెళ్లి దాత ముందు పెట్టండి.

పేర్ల సంగతి మనవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. తిరుమలలో కాటేజీల మీద దాతల పేర్లు చూస్తూ పెరిగాం, ఆ దాతలకు ఏటా కొన్ని రోజులు బస ఉంటుందనీ తెలుసు. మీ దాతలూ సరిగ్గా అదే అడుగుతారు: పేరు, ఏటా వారం రోజులు బస. అమెరికా పన్ను చట్టంలో మాత్రం రెండూ ఒకటి కాదు. తలుపు మీద పేరు వేసినంత మాత్రాన మినహాయింపు తగ్గదు. బస ఇస్తే ఆ బస విలువ మేర తగ్గుతుంది, 75 డాలర్లు దాటిన అలాంటి విరాళానికి ఆ విలువ ఎంతో మీరు రాసి ఇవ్వాలి. 250 డాలర్లు, ఆపైన ఇచ్చిన ప్రతివారికీ రాతపూర్వక రసీదు అందాలి. బస వాగ్దానం చేయకుండా ఉంటేనే సుఖం. జూలైలో పరిశోధకులకే మంచాలు చాలవు. పేరు కూడా విశ్వవిద్యాలయ పాలకమండలి నియమాల ప్రకారమే ఇవ్వగలరు, కాబట్టి భోజనాల దగ్గర నోరు జారి మాట ఇవ్వకండి. ఒకటి మాత్రం చేయవచ్చు. పెద్ద మొత్తం ఇవ్వలేని వాళ్లు పదిమంది కలిసి తమ వేసవి బృందం పేరుతో ఒక కేబిన్ కట్టించేలా చూడండి. ఒకరు మరొకరిని లాక్కొస్తారు, మీ ఫోను ఖర్చు తగ్గుతుంది.

చెక్కు ఒక్కటే దారి అనుకోకండి. ధర బాగా పెరిగిన షేర్లను అమ్మకుండా నేరుగా విశ్వవిద్యాలయానికి బదిలీ చేస్తే దాతకు ఆ లాభం మీద పన్ను పడదు. 70 ఏళ్ల 6 నెలలు నిండినవాళ్లు తమ ఐఆర్‌ఏ పదవీ విరమణ ఖాతా నుంచి నేరుగా విరాళం పంపితే, ఏటా ప్రకటించే పరిమితి దాకా, అది వారి ఆదాయంలో లెక్కకు రాదు. మీ స్టేషన్‌లో 1960లలో, 70లలో చదివినవాళ్లకు ఇది బాగా అక్కరకొస్తుంది. చాలామందికి ఈ సంగతి తెలియదు. వివరాలు వారి ఆడిటరే చూడాలి. దారి ఉందని చెప్పడం వరకే మీ వంతు.

తెలుగు సంఘాలు. ఒకసారి మర్యాదగా ఉత్తరం రాయండి, దాని మీద ఆశ పెట్టుకోకండి. వాటికి చందా ఇచ్చేవాళ్ల మనసు ఎక్కువగా సొంత ఊరి బడి మీద, ఆసుపత్రి మీద, ఇక్కడి పిల్లల పాటల పోటీల మీద ఉంటుంది, అది సహజం. అమెరికా కొండల్లో పరిశోధన కేబిన్లు వాళ్ల సభలో అడిగితే మీకూ ఇబ్బంది, వాళ్లకూ ఇబ్బంది. మీకు అందులో పనికొచ్చేది వేదిక కాదు, మనుషులు. మీ ఇంజనీరింగ్ స్నేహితులు, బాబాయి కొడుకులు, ఎదురింటి వారు ఎంతమంది షేర్లు జీతంలో భాగంగా వచ్చే కంపెనీల్లో ఉన్నారో లెక్కపెట్టండి. మైక్రోసాఫ్ట్, గూగుల్ లాంటి కంపెనీలు ఉద్యోగి ఇచ్చిన విరాళానికి పరిమితి మేర సమానంగా తామూ కలుపుతాయి. కంపెనీ పోర్టల్‌లో విశ్వవిద్యాలయపు ఫౌండేషన్ పేరు ఎంచుకుని, మీ ఖాతా నంబరు రాయకపోతే ఆ డబ్బు సాధారణ నిధిలో కలిసిపోతుంది. ఆ నంబరు ముందు తీసుకోమన్నది ఇందుకే. వాళ్లను వారాంతంలో పిల్లలతో సహా రమ్మనండి, తుమ్మెదలను పట్టి గుర్తు వేసి వదలడం చూపించండి. హైదరాబాద్‌లో స్థిరపడిన మీ సహాధ్యాయి అభిమానంతో ఏదైనా పంపితే సంతోషం. దానికి భారత ఆదాయపు పన్నులో 80జీ మినహాయింపు దొరుకుతుందని మాత్రం చెప్పకండి.

ప్రభుత్వ గ్రాంట్లను మరచిపోకండి, వాటినే నమ్ముకోకండి. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఫీల్డ్ స్టేషన్ల వసతుల కోసం చాలా ఏళ్లుగా పోటీ పెట్టి గ్రాంట్లు ఇస్తూ వచ్చింది. ఆ ఏడాది ప్రకటన ఏమంటోందో, అసలు వెలువడిందో లేదో చూసుకుని అడుగు వేయండి. 2014లో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ ఫీల్డ్ స్టేషన్ల మీద ఇచ్చిన నివేదిక, వ్యాపార ప్రణాళిక లేకుండా నెట్టుకురావడం మానమని గట్టిగానే చెప్పింది. మీరు ఇప్పుడు వేసే పడకల లెక్క, అద్దె లెక్క గ్రాంటు దరఖాస్తుకూ పనికొస్తాయి.

పాత ప్రొఫెసర్ల మీద కోపం పెట్టుకోకండి. మీకు వాళ్లకంటే గొప్ప సహాయకులు దొరకరు. వాళ్లు కాపాడమంటున్నది పుచ్చిన దిమ్మను కాదు. ఇంజనీరు నివేదిక తీసుకుని ఒక్కొక్కరి ఇంటికి వెళ్లండి, అందరినీ సమావేశంలో కూర్చోబెట్టకండి. సమావేశంలో ఎవరూ వెనక్కి తగ్గరు. బాగున్న ఒక కేబిన్‌ను ఉన్నది ఉన్నట్టు నిలబెడతామనండి, ఏదో వాళ్లనే ఎంచుకోమనండి. పేర్లు చెక్కిన దూలాలను విప్పేటప్పుడు దాచి, భోజనశాల గోడకు బిగిస్తామని చెప్పండి. ఆ తర్వాత ఫోటోల్లో ఎవరెవరో గుర్తుపట్టమని వాళ్ల చేతికివ్వండి. అందులో ఒకాయన, 'వీడు ఇప్పుడు పెద్ద కంపెనీ నడుపుతున్నాడు, నా మాట వింటాడు' అనకపోడు. ఆ ఫోను ఆయన చేతే చేయించండి.

ఇదంతా రెండు మూడేళ్ల పని. ఎలుకల పని మాత్రం వచ్చే వేసవి దాకా కూడా ఆగదు. 2012లో యోసెమిటీ జాతీయ పార్కులో బస చేసిన పదిమందికి హంటా వైరస్ సోకి, ముగ్గురు చనిపోయారు. వారిలో తొమ్మిదిమంది ఉన్నది కరీ విలేజ్‌లో రెండు పొరల గోడలున్న గుడారపు కేబిన్లలో. చలి ఆగడానికి ఆ పొరల మధ్య పెట్టిన నురుగు పలకల్లో ఎలుకలు గూళ్లు పెట్టుకున్నాయి. మీ పశ్చిమ రాష్ట్రాల్లో ఈ వైరస్‌ను మోసేది డీర్ మౌస్ అనే చిన్న ఎలుక, మనిషికి వచ్చేది ఎండిన పెంటికలు, మూత్రం కలిసిన దుమ్ము పీల్చడం వల్ల. అందుకే వసంతంలో తెరిచినప్పుడు చీపురు పట్టకూడదు, వాక్యూమ్ అసలు వద్దు. తలుపులూ కిటికీలూ తెరిచి అరగంట బయట నిలబడాలి. ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పెంటికల మీద తడిసేలా చల్లి, కాసేపు నానాక కాగితపు తువ్వాళ్లతో ఎత్తి సంచిలో కట్టేయాలి. పాడైన పరుపులు పారేయండి. పెన్సిల్ మందం సందున్నా ఎలుక దూరుతుంది, ఇనుప పీచు కుక్కి సిమెంటు పూయించండి. గోడల లోపల గూళ్లున్న కేబిన్లను ఈ ఏడాదికి మూసేయండి, బదులుగా నేల మీద గుడారాలు వేయించండి. మంచి గుడారంలో పడుకోవడానికి జీవశాస్త్ర విద్యార్థులు సిగ్గుపడరు. చేతి తొడుగులు, మాస్కులు, బ్లీచ్ ఖర్చుకు ఏ దాత దగ్గరికీ వెళ్లనక్కర్లేదు. స్టేషన్ నడిపే బడ్జెట్‌లోనే రాసి, బిల్లు డీన్‌కు పంపండి.